పక్క ఖాళీ స్థలంలో సర్కారు తుమ్మ: ఇల్లు అమ్మే ముందు ఏం చెయ్యాలి?

ఏటుకూరు_ఇల్లు:

అందరికీ నమస్కారం. గుంటూరులో ఏటుకూరు వైపు మా నాన్నగారు కట్టించిన ఇల్లు అమ్మకానికి పెట్టాం. నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసేవారు. ఏటుకూరు ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో 240 గజాలు కొని, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంచెం కొంచెంగా కట్టారు. ఆయన పోయాక అమ్మ విజయవాడలో నా దగ్గరే ఉంటోంది. అద్దెకిస్తే నిలబడి చూసుకునేవాళ్ళు లేరు, అందుకని అమ్మేద్దామని నిర్ణయించుకున్నాం.

సమస్య ఇంటిది కాదు, ఉత్తరం వైపు ఉన్న ఖాళీ స్థలానిది. ఎవరో కొనుక్కుని వెళ్ళిపోయారు, ఇటు తొంగి చూసిన పాపాన పోలేదు. అందులో సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. మా ప్రహరీ గోడ ఐదడుగులు. కంప మా శ్లాబు కంటే ఎత్తుకి వెళ్ళి పిట్టగోడ మీదకి వాలుతోంది. మేడ మీద బట్టలు ఆరేస్తే ముళ్ళకి చిక్కుకుని చిరుగుతాయి. వేసవిలో పసుప్పచ్చ కాయలు మా వాకిట్లో రాలతాయి, వాటికోసం మేకలు గేటు తోసుకుని లోపలికి వస్తాయి. అమ్మ ఉన్నన్నాళ్ళూ కర్ర పట్టుకుని వాటితో యుద్ధమే. ఇప్పుడు కాపలా లేదు కాబట్టి మా పెరట్లోనే, పంపు దగ్గర, జానెడేసి మొక్కలు లేచాయి.

పోయిన నెల ఒక పార్టీ వచ్చింది. అబ్బాయి మర్యాదస్తుడు, "అక్కా" అనే పిలిచాడు. మొజాయిక్ ఫ్లోరింగ్ నచ్చింది, ఈశాన్యంలో బోరు ఉందని సంతోషపడ్డాడు. బేరం దాదాపు కుదిరిందనుకున్నాం. రెండోసారి వస్తూ ఒక మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మేస్త్రి ఉత్తరపు గదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన పగులులో బొటనవేలి గోరు పెట్టి చూసి, గోడ అవతల కంపని చూసి, "వేర్లు పునాది కిందకి దూరాయి, ఇల్లు మొత్తం లేపుతాయి" అని తేల్చేశాడు. అంతే, బేరం నాలుగు లక్షలు కిందకి దిగింది. మా బ్రోకరేమో "మేడమ్, కంప కొట్టించేసి, పగులుకి పుట్టీ పెట్టి రెండు కోట్లు పెయింట్ వేయిద్దాం, ఇంకో పార్టీని తెస్తా" అంటున్నాడు.

నాకు తేలనివి ఇవీ. కంపని మళ్ళీ రాకుండా తీయించడం సాధ్యమేనా? పక్కవాళ్ళ స్థలంలోకి నేను మనుషుల్ని పంపొచ్చా? ఆ పగులు నిజంగా వేర్ల వల్లేనా? కొనేవాళ్ళకి ఎంతవరకు చెప్పాలి? మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. ఫోన్ చేస్తే "నీ ఇష్టం అక్కా" అంటాడు. టెన్షన్ అంతా నా ఒక్కదానిదే.

---

పల్నాడు_కుర్రాడు:

మొద్దుకి బెజ్జం వేసి ఇంగువ దట్టించండి అక్కా. చచ్చి ఊరుకుంటుంది. మా తాతయ్య చెప్పేవాడు.

---

రిటైర్డ్_ఏఓ_బాపట్ల:

ఇంగువ పులిహోరలోకి ఉంచుకో తమ్ముడూ. సర్కారు తుమ్మని ఇంగువ చంపేదయితే మన పల్నాడులో ఈపాటికి ఒక్క కంప మిగిలేది కాదు.

అమ్మా, నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఈ చెట్టు సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

దీని సొంత ఊరు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. 1877లో జమైకా నుంచి విత్తనం తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం, బీడు భూముల్లో పచ్చదనం కోసం అప్పటి మద్రాసు అటవీ శాఖ చేసిన పని అది. వాళ్ళనుకున్నట్టే పెరిగింది, అక్కడితో ఆగలేదు. రాజధాని ప్రాంతంలో చూశారుగా, 2019 తర్వాత పనులు ఆగిన ఐదేళ్ళలో రోడ్లు కూడా కనపడకుండా కమ్మేసింది. 2024లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ వాళ్ళు పొక్లెయిన్లు పెట్టి తీయించాల్సి వచ్చింది.

ఇక అసలు విషయం. కూలీని పెట్టి గొడ్డలితో నేల మట్టానికి కొట్టిస్తే అది చెట్టుకి క్షవరం చేయించినట్టే. నెల తిరక్కుండా ఆ మొద్దు చుట్టూ చిగుళ్ళు లేస్తాయి. అంతకుముందు ఒక మాను ఉన్నచోట ఐదారు కొమ్మలు పొదలా వస్తాయి, కొట్టినకొద్దీ గుబురవుతుంది. ఎందుకంటే దీని ప్రాణం మాను, వేరు కలిసేచోట ఉంటుంది. నేల పైకి కనిపించే మొద్దు నుంచి కిందకి తవ్వితే జానెడు, మూరెడు లోతులో కాస్త ఉబ్బినట్టుగా, ముడతలు పడి, చిన్న చిన్న బుడిపెలతో ఒక భాగం కనిపిస్తుంది. చిగుళ్ళన్నీ ఆ బుడిపెల్లోంచే. గునపంతో చుట్టూ ఒక అడుగు, అడుగున్నర గుంట తీసి, ఆ భాగానికి కింద, మామూలు వేరు నున్నగా మొదలయ్యేచోట కోసి, పై ముక్కని బయటికి లాగెయ్యాలి. ఇలా చేస్తే కింద మిగిలిన వేరు మళ్ళీ చిగురించదు. మట్టిలోనే చచ్చి కుళ్ళిపోతుంది.

దీనివల్ల మీకొక మంచి కబురు. ఒకవేళ వేర్లు మీ పునాది దాకా వచ్చి ఉన్నా, వాటిని పీకడానికి ఇల్లు తవ్వక్కర్లేదు. అవతల ఆ బుడిపెల భాగం తీసేస్తే ఇవతల వేరు దానంతటదే చస్తుంది. మీ మేస్త్రికి ఈ ముక్క తెలిసి ఉండదు.

జేసీబీ పెడితే గంటలో అయిపోతుందని ఎవరన్నా అంటే, గోడకి నాలుగైదు అడుగుల లోపల మాత్రం వద్దనండి. బకెట్‌తో మొద్దు లాగినప్పుడు గోడ కిందున్న వేరు కూడా కదిలి ప్రహరీ పక్కకి ఒరుగుతుంది. గోడ పక్కవి మనుషులే, గునపం, పారతో తియ్యాలి. మధ్యలో ఉన్నవాటికి జేసీబీ పెట్టుకోవచ్చు. మన నల్లరేగడి మే నెలలో రాయి, ఆగస్టులో బంక. వానలు తగ్గి నేల ఇంకా కాస్త తడిగా ఉండే నవంబరు, డిసెంబరుల్లో పని పెట్టుకుంటే కూలీ సగం కలిసొస్తుంది.

మందుల గురించి కూడా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఉప్పు, యాసిడ్, కిరసనాయిలు పొయ్యొద్దు. ఉప్పు నేలలో దిగితే అక్కడ తర్వాత చాలా మొక్కలు సరిగ్గా రావు, పునాదిలో ఇనుముకి కూడా తుప్పు. గ్లైఫోసేట్ కలుపు మందుని ఇంత పెద్ద చెట్టు ఆకుల మీద కొడితే ఆకు మాడుతుంది, మళ్ళీ చిగురిస్తుంది. పైగా 2022 అక్టోబరులో కేంద్రం ఆ మందుని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని నోటిఫికేషన్ ఇచ్చింది. కొట్లో డబ్బా కొని మనం కొట్టేది కాదు.

మీ పెరట్లో జానెడు మొక్కలున్నాయన్నారు. వాన పడిన మర్నాడు చేత్తోనే పీకెయ్యండి, వేరుతో సహా వస్తాయి. ఒక్క ఏడాది వదిలేస్తే చేత్తో రావు. విత్తనం పెంకు గట్టిది, నేలలో ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. పశువులు కాయ తింటే పేడలో విత్తనం అలాగే బయటికొస్తుంది, పైగా ఎరువు తోడు. అందుకని చెట్లన్నీ తీయించినా రెండు మూడేళ్ళు వానాకాలం తర్వాత ఒకసారి తిరిగి చూసుకోవాల్సిందే. ఎవరన్నా "ఒక్కసారి తీస్తే ఇక రాదు, నాదీ గ్యారంటీ" అంటే నమ్మకండి.

ఇంకొకటి. కంప తీసిన ఖాళీ నేలలో తర్వాత దిగేది వయ్యారిభామ అనే కలుపు మొక్క. పూత రాకముందే, చేతులకి గ్లౌజులు వేసుకుని పీకించండి. ఉత్త చేతులతో పట్టుకుంటే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి.

కట్టెలకి మాత్రం మంచి గిరాకీ ఉంటుంది. బొగ్గు కాల్చేవాళ్ళకీ ఇటుక బట్టీల వాళ్ళకీ కబురు పెడితే కొట్టుకుని వాళ్ళే తీసుకెళ్తారు. కానీ వాళ్ళు నేల మట్టానికి కొట్టి వెళ్ళిపోతారు. మొద్దులు తవ్వి తీస్తేనే కట్టెలు మీవి అని ముందే మాట్లాడుకోండి.

---

ఏటుకూరు_ఇల్లు:

ఏఓ గారూ, చాలా థాంక్సండీ. పునాది తవ్వక్కర్లేదన్న మాట చదివాక కాస్త ఊపిరి ఆడింది.

పగులు గురించి కొంచెం చెప్తాను, ఎవరైనా ఇంజినీర్లు ఉంటే చూడండి. ఉత్తరపు గది కిటికీ కింది మూల నుంచి నేలవైపు ఏటవాలుగా ఉంది. మే నెలలో రూపాయి బిళ్ళ అంచు దూరేంత తెరుచుకుంటుంది. వినాయక చవితి అయ్యేసరికి మూసుకుని సన్నటి గీతలా కనిపిస్తుంది. ఇలాంటిదే దక్షిణం వైపు వంటింట్లో కూడా ఒకటుంది, కాకపోతే చిన్నది. అటువైపు చెట్టూ చేమా ఏమీ లేవు, మా సందు, ఆ తర్వాత పక్కింటివాళ్ళ గోడ.

---

సివిల్_బెజవాడ:

మేడమ్, మీ రెండో పేరా చదవగానే సగం జవాబు దొరికింది.

మేలో తెరుచుకుని వానల తర్వాత మూసుకునే పగులు నల్లరేగడి పగులు. ఆ మట్టికి నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో పొలాల్లో నెర్రెలు చూస్తాం కదా, ఇంటి కింద ఉన్నదీ అదే మట్టి. మీ నాన్నగారి రోజుల్లో చాలామంది మూడు నాలుగడుగుల పునాది తీసి, రాయి కట్టి, పైన గోడ లేపేవాళ్ళు. ప్లింత్ బీము, అంటే పునాది మీద గోడ కింద వేసే కాంక్రీటు దూలం, సరిగ్గా వెయ్యకపోతే కిటికీ మూలల దగ్గర ఇలా ఏటవాలుగా చీలుతుంది. చెట్టే లేని వంటింటి వైపు కూడా ఉందంటే మూలకారణం నేలే.

అలాగని కంపకి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వను. ఎండాకాలంలో నేలలో ఉన్న కాస్త తడిని కూడా అది లాగేస్తుంది, కాబట్టి ఉత్తరం వైపు మట్టి ఇంకా ఎక్కువ కుంచించుకుపోతుంది. అందుకే అటు పగులు పెద్దది, ఇటు చిన్నది. "వేర్లు ఇంటిని లేపుతాయి" అన్న మేస్త్రి మాట మాత్రం తప్పు. రేగడిలో చెట్టు నీళ్ళు లాగడం వల్ల నేల కిందకి దిగుతుంది, పైకి లేవదు.

లేచేది ఎప్పుడో చెప్తాను, ఇది మీకు ముఖ్యం. ఏళ్ళ తరబడి నీళ్ళు తాగిన పెద్ద చెట్లని ఒక్కసారిగా తీసేస్తే, తర్వాతి వానలకి ఆ మట్టిలోకి తడి మళ్ళీ చేరి మెల్లగా ఉబ్బుతుంది. ఒకటి రెండు వానాకాలాలు పట్టొచ్చు. అందుకని కంప తీయించిన వెంటనే పగులు పూడ్చి పెయింట్ వేస్తే అది మళ్ళీ విడిపోయే అవకాశం ఉంది. కొన్న అబ్బాయి గృహప్రవేశం చేసుకున్న ఏడాదికి గోడ చీలితే నేరుగా మీకే ఫోన్ చేస్తాడు. బ్రోకరు నంబరు అప్పటికి మారిపోయి ఉంటుంది.

ఇప్పుడే చెయ్యాల్సిన పని తేలికైనదే. పగులుకి అడ్డంగా, పైనొకటి కిందొకటి, సన్నటి గాజు ముక్కలు రెండు కొసలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. పగులు రెండు కొసల దగ్గర కూడా పెన్సిల్ గీత పెట్టండి, పొడుగు పెరుగుతోందో లేదో తెలుస్తుంది. వంటింటి పగులుకీ ఇలాగే చెయ్యండి. ఫోటోలు తీసి దాచండి. కొనేవాడి మేస్త్రి గోరు కంటే ఇది గట్టి సాక్ష్యం.

డ్రైనేజీ కూడా ఒకసారి చూసుకోండి. ఉత్తరం వైపు మ్యాన్‌హోల్ మూత తీసి లోపల సన్నటి వేర్లు జుత్తులా వేలాడుతున్నాయేమో చూడండి. పాత సిమెంటు గొట్టాల జాయింట్లలోంచి వేరు దూరుతుంది. గొట్టాన్ని పగలగొట్టి రాదు, ఉన్న సందులోంచి వచ్చి లోపల లావెక్కుతుంది. పీవీసీ పైపులు సొల్యూషన్ పెట్టి అతికించినవైతే ఆ భయం చాలా తక్కువ.

మా విజయవాడలో ఇప్పుడు కొనేవాళ్ళు చెట్లూ వేర్లూ అడగరు. సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇల్లు చూపిస్తే మొదటి ప్రశ్న "2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి?" అనే. నీటి గీత మీద కొత్త పెయింట్ వేసిన ఇళ్ళు చూశాను. కొనేవాళ్ళు తలుపు వెనకా, స్విచ్ బోర్డు లోపలా టార్చి వేసి చూస్తున్నారు. దాచిందని తెలిస్తే అసలు సమస్య ఎంత చిన్నదైనా బేరం పోతుంది.

---

కృష్ణలంక_ప్లీడరు:

పుట్టీ సలహా ఇచ్చిన బ్రోకరుని పక్కన పెట్టండమ్మా.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్ళకి తెలిసి, కొనేవాళ్ళకి తెలియక, మామూలు శ్రద్ధతో చూసినా కనపడని లోపం ఏదైనా ఆస్తిలో ఉంటే, దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందే లెక్క అని అదే సెక్షన్ చివర రాసి ఉంది. గోడ అవతల కంప అందరికీ కనిపిస్తుంది, దానికి చెప్పేదేం లేదు. పగులు కూడా ఇప్పుడు కనిపిస్తోంది. పుట్టీ పెట్టిన రోజు నుంచే అది "కనపడని లోపం" అవుతుంది. ఇప్పుడు మీమీద లేని బాధ్యతని డబ్బు పెట్టి కొనుక్కోవడం ఎందుకు?

అగ్రిమెంటులో ఇలా ఒక వాక్యం రాయించండి: "షెడ్యూలు ఆస్తికి ఉత్తరపు హద్దునందలి ఖాళీ స్థలములో సర్కారు తుమ్మ చెట్లు ఉన్నవనియు, ఇంటి ఉత్తర, దక్షిణపు గోడలయందు పగుళ్ళు ఉన్నవనియు కొనుగోలుదారునకు స్వయముగా చూపించడమైనది, వారు చూచి, ఇంజినీరుచే పరీక్ష చేయించుకుని అంగీకరించినారు." ఫోటోలు జతచేసి ఇద్దరూ సంతకం పెట్టండి.

పక్క స్థలంలోకి వాళ్ళ అనుమతి లేకుండా మనుషుల్ని పంపొద్దు. మీ హద్దు దాటి మీవైపు వచ్చిన కొమ్మని మీ హద్దు వరకు మీరు కొట్టుకోవచ్చు. ఆ గీత దాటకండి. చెట్లు కొట్టడానికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది కాబట్టి పని మొదలెట్టే ముందు వార్డు సచివాలయంలో ఒక మాట కనుక్కోండి. ఆ పొదల్లో వేపో చింతో ఉంటే మరీ ముఖ్యం.

ఓనరు ఎవరో తెలియదన్నారు. మీ నాన్నగారి దస్తావేజు తీసి చివర షెడ్యూలు చూడండి. "ఉత్తరం:" అన్నచోట ఆనాటి హద్దుదారు పేరు ఉంటుంది. ఆ పేరుతో, సర్వే నంబరుతో ఈసీ (రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రం) తీయిస్తే తర్వాత ఎవరికి అమ్మారో వరసగా వస్తుంది. ఖాళీ స్థలం పన్ను కోసం కార్పొరేషన్ రికార్డుల్లో కూడా పేరుండొచ్చు. అప్పటికీ దొరక్కపోతే వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శికి కాగితం ఇవ్వండి, పాములు, దోమలు, చెత్త అని రాయండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పలేను గానీ, మీరు ఊరుకోలేదనడానికి రసీదు పనికొస్తుంది.

---

తెనాలి_టు_రెడింగ్:

అక్కా, నేను తెనాలి అమ్మాయిని. ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటున్నాం. మీ పోస్టు చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఇల్లు కొన్నప్పుడు మా ప్రాణం తీసిందీ ఒక మొక్కే.

దాని పేరు జాపనీస్ నాట్‌వీడ్. పంతొమ్మిదో శతాబ్దంలో తోటల్లో అందానికని తెచ్చిపెట్టుకున్నారు. విత్తనంతో కాదు, దుంప లాంటి వేరు ముక్కతో పాకుతుంది. చిటికెన వేలి గోరంత ముక్క మట్టిలో మిగిలినా చాలు. మేము చూసిన ఇంటి పెరడు వెనక రైలు కట్ట ఉంది, అక్కడి నుంచి వచ్చింది. బ్యాంకు పంపిన వాల్యూయర్ దాన్ని చూసి రిపోర్టులో రాశాడు. లోన్ అక్కడే ఆగిపోయింది. అమ్మేవాళ్ళు ఒక స్పెషలిస్టు కంపెనీతో కొన్నేళ్ళ ట్రీట్‌మెంట్ ప్లాన్, పదేళ్ళ ఇన్సూరెన్సు గ్యారంటీ ఇప్పించాకే బ్యాంకు ఒప్పుకుంది. తవ్విన మట్టిని కూడా ఎక్కడ పడితే అక్కడ పొయ్యకూడదు, అనుమతి ఉన్న చోటికే తీసుకెళ్ళాలి.

ఇక్కడ ఇల్లు అమ్మేవాళ్ళు నింపే టీఏ6 అనే ఫారంలో ఈ మొక్క గురించి విడిగా ప్రశ్న ఉంటుంది: ఉంది, లేదు, తెలియదు. 2023లో లండన్‌లో ఒక కేసు తేలింది. అమ్మినాయన "లేదు" అని టిక్ పెట్టాడు. కొన్నాయన షెడ్డు దగ్గర పొద వెనక మొక్క చూశాడు. కోర్టు 32 వేల పౌండ్ల నష్టపరిహారం కట్టమంది, లాయర్ల ఖర్చులు దానికి ఎన్నో రెట్లు. "తెలియదు" అని పెట్టినా సరిపోయేదని అందరూ అనుకున్నారు.

భయం కూడా మెల్లగా తగ్గుతోంది. ఒకప్పుడు ఇంటికి 7 మీటర్లలోపు ఉంటే గుండెలు బాదుకునేవాళ్ళు. 2022లో సర్వేయర్ల సంస్థ కొత్త మార్గదర్శకాల్లో దాన్ని 3 మీటర్లకి తగ్గించింది. ఇళ్ళు కూల్చేంత శక్తి దానికి లేదని తేలింది. మీ మేస్త్రి మాటలు వింటే ఇక్కడి పాత పేపర్ల హెడ్డింగులు గుర్తొచ్చాయి.

నా సలహా ఒక్కటే, ఫైలు పెట్టండి. తీయించక ముందు ఫోటోలు, తవ్వుతున్నప్పుడు ఏఓ గారు చెప్పిన ఆ బుడిపెల భాగం బయటికొచ్చిన ఫోటోలు, కూలీలకిచ్చిన డబ్బు లెక్క, తేదీలు. మేము ఈ ఇంటిని తీసుకున్నది అమ్మేవాళ్ళ మాట నమ్మి కాదు, వాళ్ళ ఫైలు చూసి.

---

ఏటుకూరు_ఇల్లు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఎంతవరకు వచ్చిందో చెప్తాను.

ప్లీడరు గారు అన్నట్టే దస్తావేజులో ఉత్తరపు హద్దు పేరు దొరికింది. ఈసీలో ఆ పేరు నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి ఇప్పటి ఓనరుకి. ఆయన బ్యాంకులో చేసి రిటైరై హైదరాబాదులో ఉంటున్నారు. ఫోన్ చేస్తే "మా స్థలంలో చెట్లా?" అని ఆశ్చర్యపోయారు. ఫోటోలు పంపాక గొంతు మారింది. రాజధాని పుణ్యమా అని రేట్లు పెరుగుతున్నాయని ఆయన కూడా అమ్మే ఆలోచనలో ఉన్నారట, అందుకని మొద్దులతో సహా తీయించడానికి ఒప్పుకున్నారు. వానలు తగ్గాక, నవంబరులో.

మ్యాన్‌హోల్ తీసి చూశాం, వేర్లు లేవు. నాన్నగారు పీవీసీయే వేయించారు. గాజు ముక్కలు అతికించాం, తేదీ రాశాం. పెరట్లో మొక్కలు నేనే పీకాను. అమ్మ వీడియో కాల్‌లో చూస్తూ "ఆ మూల ఇంకోటి, ఆ కుండీ వెనక" అని డైరెక్షన్ ఇచ్చింది.

కొనే అబ్బాయికి పగుళ్ళు రెండూ నేనే చూపించాను, వంటింట్లోది అతని మేస్త్రి అసలు చూడలేదు. సివిల్ గారు రాసింది చదివి వినిపించాను. తనే ఒక ఇంజినీరుని తెచ్చుకుని చూపించుకున్నాడు. ఆయనా నల్లరేగడే అన్నాడు. నాలుగు లక్షలు కాస్తా లక్షన్నర దగ్గర ఆగింది. అందులో యాభై వేలు వచ్చే వానాకాలం దాకా అతని దగ్గరే ఉంటాయి, గాజు పగలకపోతే నాకిస్తాడు. అగ్రిమెంటులో ప్లీడరు గారి వాక్యం పెడుతున్నాం. బ్రోకరు అలిగాడు.

ఒక్కటే చిక్కు మిగిలింది. కూలీ తనే ఇస్తానన్న హైదరాబాదు పెద్దాయన, ఇటుక బట్టీ వాళ్ళు కట్టెలకి డబ్బులిస్తారని తెలిశాక "ఆ డబ్బు నాకే రావాలి" అంటున్నారు. మావైపు వాలిన కొమ్మలు మేము కొట్టించి మా గేటు పక్కన పడేశాం. అవి ఎవరివి? మోపు మోపే ఉంది.

---

కృష్ణలంక_ప్లీడరు:

చెట్టు ఆయనది, కట్టెలూ ఆయనవే. గేటు పక్కన ఉన్నవి కూడా. "మొద్దులు తవ్వించే పూచీ నాది, కట్టెల డబ్బు నాది" అని ఆయన చేత వాట్సాప్‌లో రాయించుకోండి. రెండు ముక్కలూ ఒకే మెసేజ్‌లో ఉండాలి.

---

పల్నాడు_కుర్రాడు:

అయితే ఇంగువ వద్దంటారా?